జామాయిలు, నీలగిరి తైలం: ఒక వాసన చరిత్ర

మా తమ్ముడికి అప్పుడు మూడేళ్ళు. సంక్రాంతి సెలవులకు సత్తుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊరికి వెళ్ళాము. చలికాలం కావడంతో పిల్లలందరికీ జలుబులు. రాత్రి పడుకోబోయే ముందు అమ్మమ్మ మరిగిన నీళ్ళలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసి, తలమీదుగా దుప్పటి కప్పి, మాచేత ఆవిరి పట్టించేది. ఆ సీసా వంటింటి గూట్లో ఉండేది. ఒకనాటి మధ్యాహ్నం పెద్దలందరూ పనుల్లో ఉన్న సమయంలో వాడు పీట వేసుకొని ఎక్కి, మూత తీసి, తాగేశాడు. ఎంత తాగాడో చూసినవారు లేరు. మేము వెళ్ళేసరికి దగ్గుతున్నాడు. నోరంతా, ఊపిరంతా ఆ వాసనే. కాసేపటికే కళ్ళు మూతలు పడిపోయాయి. మావయ్య వాణ్ణి భుజాన వేసుకొని జీపెక్కాడు. దారిలోనే ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో వైద్యుడు రెండే ప్రశ్నలు అడిగాడు: "ఏ నూనె? ఎంత?"

"నీలగిరి తైలం బాబూ, ఆకు మందే" అంది అమ్మమ్మ. "జామాయిలండీ" అన్నాడు మావయ్య. వైద్యుడు ఇద్దరి వంకా చూసి ఊరుకొన్నాడు. రెండో ప్రశ్నకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

వాడు బతికాడు. రెండు రోజుల తరువాత లేచి కూర్చొని అరిసె అడిగాడు. అమ్మమ్మ మాత్రం ఆ సీసాను మళ్ళీ ముట్టుకోలేదు. "ఆకు మందు ప్రాణం మీదికి ఎట్లా తెస్తుందిరా?" అని పోయేదాకా అడుగుతూనే ఉండేది. వైద్యుడి రెండు ప్రశ్నలకూ, అమ్మమ్మ ఒక్క ప్రశ్నకూ జవాబు వెదుక్కొంటూ పోగా నాకు తారసపడిన చరిత్ర ఇది.

* * *

ముందుగా మావయ్య అన్న మాట సంగతి. ఖమ్మం, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో తిరిగినవారికి జామాయిలు తోటలు కొత్త కాదు. తెల్లని నున్నని బోదెలతో, బారులు తీరి, నిటారుగా ఆకాశంలోకి పోయే చెట్లు. పుస్తకాలలో దానిని యూకలిప్టస్ అంటారు. జామ ఎక్కడ, యూకలిప్టస్ ఎక్కడ! చిన్నప్పుడు నేను జామాకు పిండి తీసే నూనె కాబట్టి జామాయిలు అనుకొనేవాణ్ణి. పెద్దయ్యాక అది పామరుల పొరపాటు అనుకొన్నాను. ఇంకా కొంత చదివాక, పొరపడినది నేనేనని తెలిసింది.

వృక్షశాస్త్రజ్ఞులు మిర్టేసీ అని పిలిచే కుటుంబం ఒకటుంది. మనం జామ కుటుంబం అనుకొందాం. అందులో దాదాపు 130 ప్రజాతులు, 6000కు దగ్గరగా జాతులు ఉన్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జామ ఇందులోదే. మన నేరేడు ఇందులోదే. తాంబూలంలో గుచ్చే లవంగం ఇందులోదే. ఆస్ట్రేలియాలో పుట్టిన యూకలిప్టస్ కూడా ఇందులోదే. జామాయిలు అన్న మాట ఎవరి నోట మొదట పుట్టిందో గానీ, అది సరిగ్గా ఆ చెట్టు పుట్టిన కుటుంబం మీదనే వెళ్ళి వాలింది.

ఈ చుట్టరికాన్ని కంటితో చూడవచ్చు. లేత జామాకు ఒకటి కోసి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. సూదితో పొడిచినట్టు సన్నని వెలుగు చుక్కలు కనబడతాయి. నేరేడాకులో, యూకలిప్టస్ ఆకులో కూడా కనబడతాయి. అవి రంధ్రాలు కావు, నూనె తిత్తులు. ఆకు నలిపినప్పుడు అవి చిట్లి వాసన వస్తుంది. లవంగమొగ్గలోనూ ఈ తిత్తులే. పురుగూ పశువూ తన జోలికి రాకుండా చెట్టు దాచుకొన్న ఆయుధం అది. ఆ సంగతి గుర్తు పెట్టుకొంటే ముందు ముందు పనికివస్తుంది.

ఈ నూనె నువ్వులనూనె వంటిది కాదు. ఒక కాగితం మీద నువ్వులనూనె చుక్క వేస్తే మరక పోదు. నీలగిరి తైలం చుక్క వేస్తే కాసేపటికి ఆవిరై ఇంచుమించు ఆనవాలు లేకుండా పోతుంది. గానుగ ఆడి తీసేది స్థిర తైలం. ఇది చరతైలం. దీన్ని తీసే పద్ధతి కూడా వేరు. ఆకులను పెద్ద పాత్రలో కూరి, కింద నుంచి నీటి ఆవిరి పంపిస్తారు. 170 డిగ్రీలు దాటితే గాని మరగని ఈ నూనె, నీటి ఆవిరి తోడుంటే 100 డిగ్రీల లోపే దానితోపాటు పైకి లేస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీటిమీద నూనె తేలుతుంది. (అన్నట్టు, లవంగ తైలం నీటికంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది.) ఇంత చేసినా తాజా ఆకు తూకంలో 1 నుంచి 2 శాతమే నూనె దక్కుతుంది. ఈ లెక్కతోనూ తరువాత పని ఉంది.

* * *

ఆస్ట్రేలియా ఆదివాసులకు ఈ ఆకుల గుణం ఎన్నో తరాలుగా తెలుసు. ఆకులను నిప్పుల మీద వేసి ఆ పొగా ఆవిరీ పట్టేవారు. ఐరోపావారి కాగితాలలోకి మాత్రం ఈ చెట్టు ఆలస్యంగా ఎక్కింది. కెప్టెన్ కుక్ మూడవ సముద్రయానంలో, 1777లో, టాస్మేనియా పక్కనున్న చిన్న దీవిలో కోసిన కొమ్మ ఒకటి లండను చేరింది. దానిని చూసి లెరితియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1789లో యూకలిప్టస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో 'బాగా మూసినది' అని అర్థం. ఈ చెట్టు మొగ్గమీద కుండకు మూకుడు మూసినట్టు టోపీ ఒకటి ఉంటుంది. పూత వేళకు అది ఊడిపడుతుంది. పేరు ఆ టోపీని బట్టి వచ్చింది.

1788 జనవరిలో ఇంగ్లండు నుంచి ఖైదీలను దింపిన తొలి ఓడల బృందంతో జాన్ వైట్ అనే శస్త్రవైద్యుడు సిడ్నీ చేరాడు. తెచ్చుకొన్న మందులు చాలలేదు. అక్కడి ఒక యూకలిప్టస్ ఆకు నలిపితే పుదీనా వాసన వచ్చింది. దాని నుంచి నూనె తీయించి కడుపునొప్పులకు వాడారు, కొంత ఇంగ్లండుకూ పంపారు. ఇంగ్లండు పుదీనా నూనెకంటే ఇది మెరుగని వైట్ 1790లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకొన్నాడు. ఒక విషయం గమనించండి. ఈ నూనె చరిత్ర మొదటి అడుగులోనే వాసన పోలికను బట్టి మందు గుణం నిర్ణయమైపోయింది. పుదీనాలా ఉంది కనుక పుదీనాలా పనిచేస్తుంది అని.

వ్యాపారంగా దీనిని నిలబెట్టినవాడు జోసెఫ్ బొసిస్టో. ఇంగ్లండు నుంచి వచ్చి మెల్బోర్న్ దగ్గర మందుల దుకాణం పెట్టినవాడు. విక్టోరియా ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ముల్లర్ ప్రోత్సాహంతో 1850ల తొలినాళ్ళలో డాండెనాంగ్ వాగు ఒడ్డున బట్టీ పెట్టి నూనె తీయసాగాడు. ముల్లర్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. యూకలిప్టస్ విత్తనాలను ప్రపంచమంతా చల్లడమే తన జీవిత ధర్మం అన్నట్టు పనిచేశాడు.

మన వైపు ఈ చెట్టు నూనె కోసం రాలేదు. ఉదకమండలంలో ఇంగ్లీషువారు ఇళ్ళు కట్టుకొన్నాక చలికి కట్టెలు కావలసివచ్చాయి. కొండల లోయల్లోని సహజారణ్యాలు తరిగిపోతున్నాయి. వంటచెరకు కోసం, తొందరగా పెరిగే చెట్టని, 1843లో నీలగిరులలో యూకలిప్టస్ నాటారు. అందులో బాగా కుదురుకొన్నది గ్లోబ్యులస్ జాతి. దాని లేత ఆకుల మీద బూడిద నీలం మైనపు పూత ఉంటుంది కాబట్టి ఇంగ్లీషువారు దానిని నీలి బంక చెట్టు అనే అర్థంలో బ్లూ గమ్ అన్నారు. నీలగిరి పేరు ఆ చెట్టుకంటే ఎన్నో శతాబ్దాలు పాతది. అయినా నీలి కొండ మీదికి నీలి చెట్టు రావడం, రాలిన ఆకులతో అక్కడ నూనె బట్టీలు వెలియడం, ఆ నూనెకు దక్షిణ దేశమంతటా నీలగిరి తైలం అన్న పేరు స్థిరపడడం జరిగిపోయాయి. ఆస్ట్రేలియా అన్న ఊసే పేరులో లేకుండా పోయింది. అమ్మమ్మ దృష్టిలో అది మన కొండల్లోని మన ఆకు మందు.

* * *

ఇక ఈ వాసన చేసిన పెద్ద ప్రయాణం సంగతి. 19వ శతాబ్దంలో చలిజ్వరానికి కారణం చిత్తడి నేలల నుంచి లేచే చెడు గాలి అని వైద్యులు నమ్మేవారు. మలేరియా అన్న మాటకు ఇటాలియన్ భాషలో అర్థం అదే, చెడు గాలి. చెడు గాలి జబ్బు తెస్తే, మంచి గాలి దానిని పోగొట్టాలి కదా! యూకలిప్టస్ తోటలో నడిస్తే ఘాటైన, శుభ్రమైన వాసన. కాబట్టి ఆ చెట్టు నాటితే జ్వరం పోతుందని ముల్లర్ వంటివారు ప్రచారం చేశారు. అల్జీరియాలో నాటారు. ఇటలీలో నాటారు. జ్వరపు చెట్టు అన్న పేరు వచ్చింది.

రోము నగరం వెలుపల త్రె ఫొంతానె అనే పాత మఠం ఉంది. జ్వరాలకు పేరుపడిన చోటు. 1868లో అక్కడికి వచ్చిన ట్రాపిస్టు సన్యాసులు యూకలిప్టస్ తోటలు వేశారు. జ్వరం తగ్గుముఖం పట్టిందని చెప్పుకొన్నారు. తగ్గిన చోట్ల ఆ తగ్గుదల అబద్ధం కాకపోవచ్చు. ఈ చెట్టు వేగంగా పెరుగుతుంది, నీళ్ళు విపరీతంగా తాగుతుంది. చిత్తడి ఎండిపోతే దోమలకు గుడ్లు పెట్టే చోటు ఉండదు. అంటే పని చేసినది వేరు, పేరు పొందినది ఆకు వాసన. (అదే దాహం మీద మన పల్లెలలో ఈనాటికీ తగవులు జరుగుతున్నాయి. రోములో వరమైనది మెట్టపొలం పక్క రైతుకు శాపం.)

ఈ నమ్మకానికి తెర దించిన సంఘటన మన దగ్గరే జరిగింది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో, బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో, రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ అందులో మలేరియా పరాన్నజీవి పెరుగుతుండడం చూశాడు. ఆ దోమలు హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టినవి. కుట్టించుకొన్న ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది. నేను చూడడానికి వెళ్ళిన రోజున, జ్వరాన్ని తెచ్చేది గాలి కాదు, గాలిలో ఎగిరే ప్రాణి అని తేలిన చోటు ఇదేనా అని కాసేపు నిలబడిపోయాను. చెడు గాలి లేదన్నాక మంచి గాలికీ పని లేదు. జ్వరపు చెట్టు కీర్తి అక్కడితో ముగియవలసింది. ముగియలేదు. ఎందుకో తెలియాలంటే రసాయనశాస్త్రంలోకి వెళ్ళాలి.

* * *

1870లో క్లోయె అనే ఫ్రెంచి రసాయనికుడు గ్లోబ్యులస్ నూనెలో అధికభాగం ఒకే పదార్థమని తేల్చి దానికి యూకలిప్టాల్ అని పేరు పెట్టాడు. ఆ తరువాత కథ జర్మనీలో. బాన్ నగరంలో కెకులే ప్రయోగశాలలో ఒక అలమారా నిండా రకరకాల సుగంధ తైలాల సీసాలు మూతలు తీయకుండా పడి ఉండేవి. అందులో ఏముందో విడదీయడం సాధ్యం కాదని అందరూ వదిలేశారు. మందుల తయారీ శాస్త్రం బోధించే పని నెత్తిన పడిన ఆటో వాలక్ ఆ సీసాలు తనకిమ్మని అడిగి తీసుకొన్నాడు. 1884 నుంచి ఆయన ప్రచురించిన వ్యాసాలతో ఈ తైలాల లోపలి కట్టడం బయటపడసాగింది. 5 కర్బన పరమాణువుల చిన్న ఇటుక ఒకటి ఉంది. రెండు ఇటుకలు కలిపి ప్రకృతి వందల రకాల ఇళ్ళు కడుతుంది. ఈ పనికే వాలక్‌కు 1910లో నోబెల్ వచ్చింది. వేరే మొక్క నుంచి తీసిన సినియోల్ అనే పదార్థమూ క్లోయె చూసిన యూకలిప్టాలూ ఒకటేనని తేలింది.

సినియోల్ అణువులో 10 కర్బన పరమాణువులు, 18 ఉదజని పరమాణువులు, 1 ఆమ్లజని పరమాణువు ఉంటాయి. ఔషధ ప్రమాణ గ్రంథాల ప్రకారం మందుగా అమ్మే యూకలిప్టస్ నూనెలో ఇది కనీసం 70 శాతం ఉండాలి. ఇక్కడే నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. నిమ్మ వాసన వచ్చే యూకలిప్టస్ ఒకటుంది. దాని నూనెలో ప్రధానమైనది సిట్రొనెల్లాల్. అందులోనూ 10, 18, 1. ఇదే జామ కుటుంబంలోని టీ ట్రీ అనే ఆస్ట్రేలియా చెట్టు నూనె పుళ్ళమీద సూక్ష్మజీవులను చంపుతుందని 1920లలో పేరుపొందింది. అందులో ప్రధానమైనది టెర్పినెన్-4-ఆల్. అందులోనూ 10, 18, 1.

ముగ్గురిలోనూ అవే పరమాణువులు, అదే లెక్క. ఒకదానిలో ఆమ్లజని రెండు కర్బనాల మధ్య వంతెనలా కూర్చుంటుంది. అది ముక్కులో చల్లగా తగులుతుంది. ఇంకొకదానిలో గొలుసు కొసన వేలాడుతుంది, నిమ్మ వాసన వేస్తుంది. మూడవదానిలో ఉంగరానికి అంటి, పక్కన ఉదజనిని పట్టుకొని ఉంటుంది, సూక్ష్మజీవి పొరను చెడగొడుతుంది. అవే అక్షరాలను తిరగవేస్తే వేరే మాట అయినట్టు. కుటుంబాన్ని బట్టీ కాదు, వాసనను బట్టీ కాదు, ఆఖరికి లెక్కను బట్టీ కాదు, అమరికను బట్టి గుణం.

ఇప్పుడు జ్వరపు చెట్టు దగ్గరకు తిరిగి వద్దాం. నిమ్మ వాసన యూకలిప్టస్ ముదురాకులలో సిట్రొనెల్లాల్ కొంత కాలానికి ఒక నీటి అణువును తనలో కలుపుకొని వేరే పదార్థంగా మారుతుంది. పొడి పేరు పిఎండి. నూనె తీశాక మిగిలే వ్యర్థంలో ఉండే ఈ పదార్థం దోమలను దూరంగా ఉంచుతుందని చైనాలో గుర్తించి వాడుకలోకి తెచ్చారు. మామూలు నూనె వాసన కాసేపట్లో ఎగిరిపోతుంది. పిఎండి తొందరగా ఆవిరి కాదు గనుక గంటల తరబడి పనిచేస్తుంది. అమెరికా రోగ నియంత్రణ సంస్థ 2005లో దీనిని దోమల నివారణకు సిఫారసు చేసింది.

ముల్లర్ కాలంవారి వాదం తప్పు. రాస్ దానిని తప్పని చూపాడు. అయినా ఆ కుటుంబపు ఆకు ఒకటి నిజంగానే మలేరియాకు ఎదురునిలవగలిగింది, గాలిని శుభ్రం చేసి కాదు, దోమను తరిమి. అయితే నూరేళ్ళ కిందట వారు నాటిన గ్లోబ్యులస్ జాతిలో ఆ పదార్థం ఉన్నది కాదు. పై పెచ్చు, ఇప్పటికీ నిమ్మ యూకలిప్టస్ నూనె అన్న పేరుతో రెండు రకాల సీసాలు దొరుకుతాయి. పిఎండి పాలు పెంచినది ఒకటి, ఆకు నుంచి తీసిన మామూలు నూనె ఒకటి. మొదటిది రక్షణ. రెండవదాన్ని నమ్ముకొంటే దోమ కుడుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకు మొదటిది కూడా వాడకూడదని చెబుతారు.

* * *

మరి జలుబు మాటేమిటి? అమ్మమ్మ ఆవిరి ఉత్త నమ్మకమేనా?

2002లో శాస్త్రజ్ఞులు మన నాడుల కొసలలో చలిని పసిగట్టే గ్రాహకం ఒకదానిని గుర్తించారు. చల్లని గాలి తగిలితే అది మేల్కొంటుంది. పుదీనాలోని మెంథాల్ తగిలినా మేల్కొంటుంది. సినియోల్ తగిలినా మేల్కొంటుంది. ముక్కు తెరుచుకొన్నట్టు అనిపించడంలో పెద్ద పాలు ఈ చల్లదనానిదే. మెంథాల్ విషయంలో కొలిచి చూస్తే, హాయి పెరిగింది గాని ముక్కులో గాలి రాకపోక మారలేదు. ఆ హాయి అబద్ధమని నేననను. జలుబు చేసిన పిల్లవాడు నిద్రపోగలిగితే అదీ మేలే. అయితే దానికీ జబ్బు కుదరడానికీ తేడా ఉంది.

శుద్ధి చేసిన సినియోల్‌కు వేరే గుణమూ కనబడింది. జర్మనీలో జరిపి 2003లో ప్రచురించిన ఒక పరీక్షలో, స్టెరాయిడ్ మాత్రలు తప్పనిసరి అయిన 32 మంది ఉబ్బసం రోగులలో కొందరికి రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల సినియోల్, కొందరికి ఉత్త గుళికలు 12 వారాలపాటు ఇచ్చారు. సినియోల్ తీసుకొన్నవారిలో స్టెరాయిడ్ మోతాదు సగటున 36 శాతం తగ్గించగలిగారు, ఉత్త గుళికల వారిలో 7 శాతం. చిన్న పరీక్షే. కానీ అందులో ఏ పదార్థమో తెలుసు, ఎంతో తెలుసు. చిన్నపేగులో కరిగే గుళికలో, పెద్దవారికి, వైద్యుల కనుసన్నలలో ఇచ్చారు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. ఒక మిల్లీలీటరు నూనెలో సుమారు 20 నుంచి 40 చుక్కలుంటాయి. అమ్మమ్మ గిన్నెలో వేసే నాలుగు చుక్కలు మిల్లీలీటరులో అయిదో వంతుకు మించవు. అందులోనూ చాలా భాగం గాలిలో కలిసిపోయేది. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు తాగితే 100 నుంచి 200 చుక్కలు ఒక్కసారిగా లోపలికి పోయినట్టు. చిన్న పిల్లల విషయంలో అంత మోతాదు, కొన్నిసార్లు అంతకంటే తక్కువ కూడా, ప్రాణం మీదికి తెస్తుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. సినియోల్ కొవ్వులో కరుగుతుంది. కాబట్టి పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి తొందరగా చేరుతుంది. అరగంటలోపే మత్తు, వాంతులు, తూలడం, ఫిట్స్. దక్షిణ భారతంలోని నాడీవైద్యులు ఇటీవలి సంవత్సరాలలో యూకలిప్టస్, కర్పూరం నూనెల వలన వచ్చిన ఫిట్స్ కేసులను పనిగట్టుకొని సేకరించి ప్రచురించారు. అంతకుముందు అందులో చాలామందిని ఎవరూ ఆ ప్రశ్నే అడగలేదు.

అమ్మమ్మ ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. తాజా ఆకులో నూనె 1 నుంచి 2 శాతం అన్నాను కదా. ఒక చెంచా నూనె తూకం సుమారు నాలుగున్నర గ్రాములు. అది తీయడానికి పావుకిలో నుంచి అరకిలో దాకా ఆకు కావాలి. అరకిలో ఆకును ఏ పిల్లవాడూ నమలలేడు. రెండాకులు నమిలేసరికే ఘాటుకు ఉమ్మేస్తాడు. చెట్టు తన ఆయుధానికి తానే కట్టడి పెట్టుకొంది. బట్టీ ఆ కట్టడిని తీసేసింది. సీసాలో ఉన్నది ఆకు కాదు అమ్మమ్మా, పురుగులను తరమడానికి చెట్టు కూడబెట్టుకొన్నదంతా ఒక చెంచాలో.

వైద్యుడి మొదటి ప్రశ్నకు జవాబు ఇంకా మిగిలింది. అమ్మమ్మ కొన్నది నీలగిరి తైలం, గ్లోబ్యులస్ జాతి నుంచి తీసినది కావచ్చు. మావయ్య చెప్పిన జామాయిలు వేరే. మన తోటలలో పెంచేది ఎక్కువగా టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ అనే జాతులు, వాటి సంకరాలు. 1989లో భద్రాచలం దగ్గర సారపాక కాగితపు మిల్లువారు క్లోను మొక్కల పరిశోధన మొదలుపెట్టాక అవి ఇంకా విస్తరించాయి. అవి కాగితపు గుజ్జు కోసం పెంచిన చెట్లు. వాటి ఆకులలోనూ నూనె ఉంది గాని, సినియోల్ పాలు చెట్టును బట్టి, నేలను బట్టి చాలా మారుతుంది. తోటలో ఆకు దూసి కాచుకొన్నదీ, కొట్లో కొన్నదీ ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ఆ రోజు మా ఇంటివారు రెండు పేర్లు చెప్పారు. రెండింటిలో ఏదీ వైద్యుడికి కావలసిన జవాబు కాదు. ఆయనకు కావలసింది ఆ సీసా. దానిని గూట్లోనే వదిలేసి వచ్చాము.

ఎవరింట్లోనైనా ఇటువంటిది జరిగితే, దయచేసి వాంతి చేయించబోకండి. నూనె ఊపిరితిత్తులలోకి పోతే ముప్పు రెట్టింపు. పిల్లవాడితోపాటు సీసాను కూడా పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తండి.

మొన్న చలికాలంలో తమ్ముడు ఫోను చేశాడు. వాడి చిన్నకూతురికి జలుబు.

"అన్నయ్యా, నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టించమంటోంది మా అత్తగారు. పట్టించనా?"

"ఏ నూనె? ఎంత?" అన్నాను.

వాడికి ఆ రోజు సంగతి ఏమీ గుర్తు లేదు. కానీ ఇన్నేళ్ళుగా విని విని ఆ రెండు ప్రశ్నలూ వాడికి కంఠతా వచ్చు. నవ్వాడు. పిల్లకు మరుగుతున్న నీళ్ళ గిన్నె దగ్గర పనిలేదని, ఒళ్ళు కాలడం ఇంకో ప్రమాదమని, ముక్కులో ఉప్పునీటి చుక్కలు చాలని చెప్పాను.

"సీసా ఎక్కడుంది?" అని అడిగాను.

"బీరువాలో, తాళం వేసి. తాళంచెవి నా దగ్గరే ఉంది" అన్నాడు.